మట్టి నుంచి ఎంజైమ్ ఇచ్చే బాక్టీరియాను వేరుచేయడం: చెన్నైలోని తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదవడానికి నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి వైపుల నుంచి చెన్నై వచ్చిన విద్యార్థులు, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు ప్రాజెక్టు పని మొదలుపెట్టినప్పుడు అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా ప్రోటియేజ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్) గురించీ తోళ్ళ పరిశ్రమ గురించీ ఉంటాయి. ఇక్కడ మట్టి తవ్వేవాళ్ళకు ముందు తగిలేది అవే.

ఎంజైమ్ కోసం మట్టినే ఎందుకు వెతకాలి?

మట్టిలో పడిన ఆకు, ఈక, చర్మం, గింజ ఏదైనా బాక్టీరియాకు ఆహారమే. కానీ పిండిపదార్థం, పాలలోని ప్రోటీన్ కేసిన్, మొక్కల్లోని సెల్యులోజ్ వంటి పెద్ద అణువులు కణపు పొరను దాటి లోపలికి పోలేవు. అందుకని బాక్టీరియా తన ఎంజైమ్‌ను బయటికి వదిలి, ఆహారాన్ని బయటే ముక్కలు చేసి, ఆ ముక్కలను లోపలికి తీసుకుంటుంది. పరిశ్రమకు కలిసొచ్చేది ఇదే. ఎంజైమ్ కణం బయటే ఉంది కాబట్టి కణాలను పగలగొట్టే పని తప్పుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో కణాలను అడుక్కి దించి పైన తేరిన ద్రవాన్ని తీసుకుంటే చాలు.

మట్టిని ఇలా జల్లెడ పట్టే సంప్రదాయంలో మనవాళ్ళ భాగమూ ఉంది. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. అది 1948లో లోకానికి తెలిసింది. అది యాంటీబయాటిక్ కథే అయినా పద్ధతి ఒకటే: చాలా మట్టి చూడాలి, దాదాపు అంతా పారేయాలి.

చెన్నైలో ఏ మట్టి తీసుకోవాలి?

మీకు కావలసిన ఎంజైమ్ ఏ పదార్థాన్ని కోస్తుందో, ఆ పదార్థం ఏళ్ళ తరబడి పడుతున్న చోటి మట్టి తీసుకోవాలి. హాస్టల్ వెనుక పూలకుండీ మట్టిలోనూ ప్రోటియేజ్ ఇచ్చే బాసిల్లస్ అనే బాక్టీరియా దొరుకుతుంది. కాకపోతే అది పూలకుండీకి అలవాటు పడినది. టానరీలో (తోళ్ళు శుద్ధిచేసే చోట) సున్నం వేసిన తొట్టి పీహెచ్ దాదాపు 12 ఉంటుంది, దాని పక్క మట్టిలో బతికినది క్షారానికి ముందే తట్టుకుని నిలబడినది. మీ ఎంజైమ్ రేపు పనిచేయవలసిన పరిస్థితులను ఆ మట్టి మీ తరఫున ముందే పరీక్షించి పెట్టిందన్నమాట.

ఈ ఊరికి తోలుతో ఉన్న సంబంధం పేర్లలోనే కనిపిస్తుంది. క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్ల వచ్చింది. పల్లావరం, క్రోంపేట చుట్టుపక్కల టానరీలు, పెరియమేటలో తోళ్ళ గోడౌన్లు, అడయారులో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ అన్నీ ఒకే ఊళ్ళో ఉండడం ప్రోటియేజ్ మీద పనిచేసేవారికి పెద్ద వసతి. ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతంవారు. 1985లో కనిష్క విమానం బాంబు పేలుడుకు కూలినప్పుడు ఆయన మరణించారు.

పిండిని కోసే అమైలేజ్ కావాలంటే రెడ్‌హిల్స్ వైపు బియ్యం మిల్లుల దగ్గర, గంజి నీళ్ళు పారే కాలువ గట్టు మట్టి మంచిది. కొవ్వును కోసే లైపేజ్ కావాలంటే నూనె మిల్లు, పాల డెయిరీ, పెద్ద హోటల్ వంటగది నీళ్ళు పోయే చోటు చూడండి. సెల్యులోజ్‌ను కోసే సెల్యులేజ్ కోసం కుళ్ళిన చెక్కపొట్టు, పశువుల పేడ కుప్ప అడుగు మట్టి తీసుకోవచ్చు. ఉప్పును తట్టుకునే ఎంజైమ్‌లు కావలసినవారికి సముద్రతీరపు ఉప్పుమళ్ళు ఉన్నాయి.

మట్టి ఎలా తీయాలి? ఎవరి అనుమతైనా కావాలా?

పై పొరను, చెత్తను పక్కకు తోసి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతున, ఆల్కహాల్‌తో తుడిచిన చెంచాతో తీసి, స్టెరైల్ సంచిలో వేయండి. ఒకే గుంట మట్టి కాకుండా నాలుగైదు చోట్లది కలిపితే మేలు. సంచి మీద తేదీ, చోటు, లోతు, మట్టి పీహెచ్ రాయండి. పీహెచ్ చూడడానికి ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు కలిపితే సరిపోతుంది. ఐస్ పెట్టెలో తెచ్చి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి, ఒకటి రెండు రోజుల్లో పని మొదలుపెట్టాలి. ఒక విద్యార్థి కడిగిన ఆవకాయ సీసాలో మట్టి తెచ్చాడు. ఎంత కడిగినా మూతలో ఉప్పూ నూనే పోలేదు, ఆ మట్టిలో దొరికిన లైపేజ్ కాలనీలను (ప్లేటు మీద ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులను) మేమెవ్వరమూ లెక్కలోకి తీసుకోలేదు.

ప్రైవేటు స్థలమైతే యజమాని మాట సరిపోతుంది, కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. గిండీ జాతీయ వనం, 2022లో రామ్‌సర్ జాబితాలో చేరిన పళ్ళికరణై చిత్తడినేల వంటి రక్షిత ప్రాంతాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా చెంచా మట్టి కూడా తీయకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తీసిన మట్టిలో సగం నీళ్ళే ఉండవచ్చు. గ్రాముకు ఇన్ని కాలనీలని రాసేటప్పుడు, కొంత మట్టిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, పొడి బరువు మీద లెక్క కట్టాలి. వేసవి మట్టితో పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే పోలికకు అర్థం ఉండదు.

సీరియల్ డైల్యూషన్ (మెట్టుమెట్టుగా పలచబరచడం) ఎందుకు? ముందుగా వేడి చేయమని ఎందుకంటారు?

ఒక గ్రాము మట్టిని నేరుగా ప్లేటు మీద చల్లితే కాలనీలు ఒకదానిమీద ఒకటి పడి పేస్టులా తయారవుతాయి. అందుకే 1 గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం సెలైన్‌లో కలిపి, అందులోంచి 1 మిల్లీలీటరును మళ్ళీ 9 మిల్లీలీటర్లలోకి మారుస్తూ, అయిదారు గొట్టాలు పోతాం. అయిదో గొట్టంలో మట్టి లక్షవ వంతుకు పలచబడుతుంది. దాని నుంచి 0.1 మిల్లీలీటరు పరిచిన ప్లేటు మీద 62 కాలనీలు వచ్చాయనుకోండి, 62ను లక్షతోనూ మళ్ళీ 10తోనూ గుణిస్తే, గ్రాముకు 6 కోట్ల 20 లక్షలు. 30కి తక్కువ, 300కి ఎక్కువ కాలనీలున్న ప్లేట్లను లెక్కకు వాడకపోవడం ఆనవాయితీ. ప్లేటు మీద పెరిగేది మట్టిలో ఉన్నవాటిలో చిన్న భాగమే, మిగిలినవి ప్లేటులో పోసే జెల్లీ లాంటి ఆహారం, అంటే మన అగార్‌ను ముట్టవు.

బాసిల్లస్ ప్రజాతి కావాలనుకుంటే, మొదటి గొట్టాన్ని 80 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ఉంచండి. స్పోర్లు (గట్టి పొరలో నిద్రపోయే కణాలు) బతుకుతాయి, మామూలు కణాలు చస్తాయి, బూజూ చాలావరకు తగ్గుతుంది. కాని ఈ పని చేస్తే స్యూడోమోనాస్ వంటి స్పోర్ లేనివాటిని చేజేతులా వదులుకుంటున్నారని గుర్తుంచుకోండి. మంచి లైపేజ్ కోసం వెతికేవాళ్ళు అందుకే వేడి చేయని గొట్టం నుంచి కూడా ఒక వరుస ప్లేట్లు పెడతారు.

చెన్నై గాలిలో తేమ గురించి ఒక మాట. పోసిన ప్లేట్లను ఆరబెట్టకుండా వాడితే మూత లోపల చేరిన నీటి బొట్లు అగార్ మీద జారి, రెండు కాలనీలను కలిపేస్తాయి. ప్లేట్లను ఒక రాత్రి ఆరనిచ్చి, ఇంక్యుబేటర్‌లో తలకిందులుగా పెట్టండి.

ఏ ఎంజైమ్‌కు ఏ ప్లేటు వాడాలి?

ప్రోటియేజ్‌కు స్కిమ్ మిల్క్ అగార్. పాలు తెల్లగా మసకగా ఉన్న ప్లేటు మీద, కేసిన్ కరిగిన చోట కాలనీ చుట్టూ గాజులా తేటపడుతుంది. పాలపొడి ద్రావణాన్ని విడిగా, తక్కువసేపు ఆటోక్లేవ్ చేసి (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపి), అగార్ 50 డిగ్రీలకు చల్లారాక కలపాలి, లేకపోతే పాలు మాడి గోధుమరంగుకు మారుతుంది. తేటపడడం అనుమానంగా ఉంటే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. మిగిలిన కేసిన్ తెల్లగా విరిగి, నిజమైన జోన్ (తేటపడిన వలయం) మాత్రమే తేటగా మిగులుతుంది. క్షార ప్రోటియేజ్ కావాలంటే 1 శాతం సోడియం కార్బొనేట్‌ను విడిగా స్టెరిలైజ్ చేసి కలిపితే పీహెచ్ 10 దాకా చేరుతుంది. క్షారాన్ని ఇష్టపడే బాక్టీరియా మీద జీవితకాలం పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త కోకి హోరికోషి వాడిన కిటుకు ఇదే.

అమైలేజ్ పరీక్ష చూడడానికి అన్నిటికన్నా ముచ్చటగా ఉంటుంది, మోసం చేసేదీ అదే. 1 శాతం పిండి కలిపిన ప్లేటు మీద కాలనీలు పెరిగాక గ్రామ్స్ అయోడిన్ పోస్తే, ప్లేటంతా కాటుకరంగు నీలానికి మారి, అమైలేజ్ ఉన్న కాలనీల చుట్టూ మాత్రం లేత పసుపు వలయాలు విచ్చుకుంటాయి. కాసేపట్లోనే నీలం వెలవెలబోతుంది కాబట్టి ఫోటో అప్పుడే తీసుకోవాలి. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. అయోడిన్ ఆ కాలనీలను చంపేస్తుంది. చక్కటి వలయం ఇచ్చిన కాలనీని మర్నాడు తీసి గీస్తే ఏమీ పెరగదు, విద్యార్థి మొహం వాడిపోతుంది. అందుకే అయోడిన్ పోయకముందే ప్రతి కాలనీని టూత్‌పిక్‌తో మరో ప్లేటు మీద అదే గడి అంకెతో నాటి, ఆ మాస్టర్ ప్లేటును భద్రంగా ఉంచుకోండి.

సెల్యులేజ్‌కు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అగార్ మీద 0.1 శాతం కాంగో రెడ్ పోసి, పావుగంట ఆగి, 1 మోలార్ ఉప్పునీళ్ళతో కడుగుతారు. ఈ పరీక్ష గొలుసును మధ్యలో కోసే ఎంజైమ్‌ను మాత్రమే చూపిస్తుంది కాబట్టి, గడ్డిని చక్కెరగా మార్చే శక్తి ఉందని దీన్ని బట్టి రాయకండి. లైపేజ్‌కు ట్రైబ్యుటిరిన్ ప్లేటు తేలికైనదే కాని, అసలు నూనెను కోయలేని ఎస్టరేజ్‌లకు కూడా వలయం ఇస్తుంది. ఆలివ్ నూనె, రోడమిన్ బి కలిపిన ప్లేటు మీద అతినీలలోహిత కాంతిలో నారింజ మెరుపు కనిపిస్తే నమ్మవచ్చు.

అందరికన్నా పెద్ద జోన్ ఇచ్చినదే మంచి స్ట్రెయిన్ (వేరుచేసిన బాక్టీరియా రకం) కదా?

కాదు. దాదాపు ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఈ పొరపాటు కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

జోన్ పరిమాణం ఎంజైమ్ ఎంత ఉందనేదాని మీదనే ఆధారపడదు. ఆ ఎంజైమ్ అగార్‌లో ఎంత వేగంగా పాకుతుంది, కాలనీ ఎంత పెద్దది, ఎంతసేపు పెరిగింది, ప్లేటు ఎంత మందం పోశారు అనే సంగతులన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. 12 మిల్లీమీటర్ల కాలనీ చుట్టూ 24 మిల్లీమీటర్ల జోన్ ఉంటే నిష్పత్తి 2, 3 మిల్లీమీటర్ల చిన్న కాలనీ చుట్టూ 15 ఉంటే నిష్పత్తి 5. రెండోది కంటికి చిన్నదిగా ఆనినా ముందు తీయవలసింది అదే. ఆ నిష్పత్తి కూడా ఎవరిని తరువాతి గదిలోకి పంపాలో చెప్పే చీటీ మాత్రమే.

అసలు పరీక్ష ఎంజైమ్ వాడబోయే పదార్థం మీదే జరగాలి. నేను నేర్చుకున్నది నష్టంతోనే. చాలా ఏళ్ళ క్రితం, 26 మిల్లీమీటర్ల జోన్ ఇచ్చిన ఒక ప్రోటియేజ్‌ను మురిసిపోతూ ఒక చిన్న టానరీకి తీసుకెళ్ళాను. కేయోలిన్ మట్టితో ముద్దలా కలిపి, మేకతోలు మాంసం వైపు పూసి, మడతపెట్టి రాత్రంతా ఉంచాం. తెల్లారి బొటనవేలితో నెడితే వెంట్రుకలు తడి ఊకలా కుదుళ్ళతో సహా జారిపోయాయి, వెంట్రుకలు తీయడానికి మామూలుగా వాడే సోడియం సల్ఫైడ్ చిటికెడు కూడా వాడలేదు. అక్కడి మేస్త్రీ తమిళంలో మెచ్చుకున్నారు, నేను తెలుగులో పొంగిపోయాను. వారం తరువాత రంగు వేసిన తోలు చూపించారు. పైపొర నిండా అమ్మవారు పోసి తగ్గిన మొహంలా గుంటలు. నా ఎంజైమ్ వెంట్రుక కుదురు దగ్గరి ప్రోటీన్లతో ఆగకుండా తోలుకే ఆధారమైన ప్రోటీన్ కొలాజెన్‌ను కూడా తినేసింది, అంటే అమ్మవలసిన సరుకునే తినేసింది. ఆ తోళ్ళ ధర నేనే చెల్లించాను. అదే మట్టిలో దొరికి, 14 మిల్లీమీటర్ల జోన్ ఇచ్చినందుకు నేను పక్కన పెట్టిన మరొక స్ట్రెయిన్, తరువాత చూస్తే వెంట్రుకలను కాస్త నెమ్మదిగా వదిలించింది కాని పైపొరను ముట్టలేదు.

కనుక వెంట్రుకలు తీసే ఎంజైమ్ కావాలంటే కేసిన్ మీద చురుకుదనం, కొలాజెన్ మీద మందకొడితనం రెండూ వెతకాలి. జెలటిన్ పరీక్షతో కొలాజెన్ సంగతి తేల్చకండి. ఉడికించిన కొలాజెనే జెలటిన్, దాన్ని చాలా ప్రోటియేజ్‌లు కరిగిస్తాయి. తోలు పొడితో చేసిన హైడ్ పౌడర్ అజూర్ వంటి పదార్థం వాడి, చివరకు అసలు తోలు ముక్క మీద చూడండి. బట్టల సబ్బుపొడికి కావాలంటే ఆ పొడి ద్రావణంలోనే, అదే వేడిలో, గంటసేపు ఉంచి ఎంత చురుకుదనం మిగిలిందో చూడాలి.

ఎంజైమ్ చురుకుదనం ఎలా కొలవాలి?

ప్రోటియేజ్‌కు 0.65 శాతం కేసిన్‌తో 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు నడిపి, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో ఆపి, వడకట్టి, ఫోలిన్ కారకం, సోడియం కార్బొనేట్ కలిపి, 660 నానోమీటర్ల దగ్గర నీలిరంగు చదువుతారు. నిమిషానికి ఒక మైక్రోమోల్ టైరోసిన్‌కు సమానమైన ఉత్పత్తి విడుదలైతే అది ఒక యూనిట్. అమైలేజ్, సెల్యులేజ్‌లకు విడుదలైన చక్కెరను చూపే డీఎన్‌ఎస్ (డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం) కారకంతో మరిగించి 540 దగ్గర చదువుతారు.

బ్లాంక్ (ఎంజైమ్ పనిచేయని పోలిక గొట్టం) విషయంలో బద్ధకించవద్దు. పెప్టోన్ ఉన్న బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే ద్రవంలో) ముందే టైరోసిన్ ఉంటుంది, అది కూడా నీలంగానే మారుతుంది. ఆమ్లం ముందు పోసి తరువాత ఎంజైమ్ కలిపిన బ్లాంక్ ప్రతి నమూనాకూ విడిగా ఉండాలి.

ఫ్లాస్కులో బాక్టీరియా బాగా పెరిగింది, ఎంజైమ్ మాత్రం రాలేదు. ఎందుకు?

ముందు బ్రాత్‌లో గ్లూకోజ్ ఎంత వేశారో చూడండి. తేలికైన చక్కెర అందుబాటులో ఉన్నంతకాలం బాక్టీరియా ఎంజైమ్ తయారీని అణచి ఉంచుతుంది, ఇంట్లో అన్నం ఉండగా ఎవరు పొయ్యి వెలిగిస్తారు? గ్లూకోజ్ తీసేసి పిండి, పాలపొడి, సోయాపిండి వంటివి పెట్టండి. రెండోది, కొలిచిన వేళ. బాసిల్లస్ ప్రోటియేజ్ ఎక్కువగా పెరుగుదల మందగించే దశలో వస్తుంది కాబట్టి 12వ గంట దగ్గర ఒక్కసారి చూసి వదిలేయకుండా, 72 గంటల దాకా కొన్ని గంటలకొకసారి నమూనా తీయాలి. మూడోది గాలి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50కి మించి బ్రాత్ పోస్తే షేకర్ ఎంత తిరిగినా ఆక్సిజన్ చాలదు.

నా స్ట్రెయిన్ పేరు ఎలా తెలుసుకోవాలి?

గ్రామ్ రంజనం, స్పోర్, కాటలేజ్ పరీక్షలతో ప్రజాతి (జీనస్) దాకా వెళ్ళవచ్చు. ఆపైన సుమారు 1500 బేస్‌ల 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివించాలి. తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతం కన్నా తగ్గితే కొత్త జాతి (స్పీషీస్) గురించి ఆలోచించవచ్చు. ఎక్కువ ఉన్నంత మాత్రాన పేరు ఖాయమైనట్టు కాదు. బాసిల్లస్ సబ్టిలిస్, దాని దగ్గరి చుట్టాలు ఈ జన్యువులో దాదాపు ఒకేలా ఉంటాయి, వాటిని విడదీయడానికి గైర్‌బి జన్యువు చదవాలి.

ఈ పనిలో ప్రమాదం ఉందా?

ఉంది, ముఖ్యంగా టానరీ మట్టిలో. పశువులకు దొమ్మరోగం (ఆంత్రాక్స్) తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్ స్పోర్లు తోళ్ళతో, ఉన్నితో వచ్చి మట్టిలో దశాబ్దాలు నిలవగలవు. 80 డిగ్రీల వేడికి అవీ చావవు. మట్టిని పొడి చేసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి, పనంతా బయోసేఫ్టీ కేబినెట్‌లోనే చేయాలి. బ్లడ్ అగార్ మీద రక్తాన్ని కరిగించకుండా, కదలిక లేకుండా, నూరిన గాజులా గరుకుగా కనిపించే బాసిల్లస్ కాలనీని వాసన చూడడం, తెరిచి చూపించడం చేయకుండా మూత మూసి గైడుకు చెప్పండి. రక్తాన్ని బాగా కరిగించేది బాసిల్లస్ సీరియస్ కావచ్చు. అది ఎంత ఎంజైమ్ ఇచ్చినా ఆహార పరిశ్రమకు పనికిరాదు.

దొరికిన స్ట్రెయిన్‌ను ఎలా దాచాలి?

20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర, వేరుచేసిన వారంలోనే. వారానికోసారి ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే, ఎంజైమ్ చేసే శ్రమ మానేసిన సోమరి కణాలదే చివరికి రాజ్యమవుతుంది.

పేటెంటు తీసుకోవచ్చా?

మట్టిలో దొరికిన బాక్టీరియాను ఉన్నదున్నట్టుగా పేటెంటు చేయడానికి భారత పేటెంటు చట్టం సెక్షన్ 3(సి) ఒప్పుకోదు. మీరు మార్చిన స్ట్రెయిన్‌కు, ఎంజైమ్ తయారీ పద్ధతికి అడగవచ్చు. దరఖాస్తులో ఆ జీవి ఎక్కడ దొరికిందో రాయాలి, స్ట్రెయిన్‌ను గుర్తింపు పొందిన భాండాగారంలో ఉంచాలి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారానికి, పేటెంటు కోసం సూక్ష్మజీవులను దాచడంపై కుదిరిన అంతర్జాతీయ బుడాపెస్ట్ ఒప్పందం కింద ఆ హోదా 2002 నుంచి ఉంది.

2002 జీవవైవిధ్య చట్టంలో జీవ వనరులంటే సూక్ష్మజీవులు కూడా. ఆ చట్టాన్ని అమలుచేసే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన తరమణిలోనే ఉంది. 2023 సవరణ ప్రకారం భారతీయ పరిశోధకులు పేటెంటు మంజూరయ్యే లోపు అక్కడ నమోదు చేసుకోవాలి. స్ట్రెయిన్‌ను విదేశీ సహాధ్యాయికి కొరియర్ చేయాలనుకునేవారు కూడా ముందు అక్కడ అడిగి తెలుసుకోవాలి.

పరిశ్రమ నా స్ట్రెయిన్‌ను నేరుగా వాడుతుందా?

చాలా అరుదుగా. మట్టి నుంచి వచ్చిన, మార్పు చేయని స్ట్రెయిన్ ఇచ్చే దిగుబడి పెద్ద ట్యాంకు ఖర్చుకు చాలదు. కంపెనీలు మ్యుటేషన్లతో దిగుబడి పెంచుతాయి, లేదా ఎంజైమ్ జన్యువును మాత్రం తీసుకుని, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ వంటి అలవాటైన జీవిలో పెడతాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడి ఊటల్లో థామస్ బ్రాక్ కనుగొన్న థెర్మస్ అక్వాటికస్ ఎంజైమ్ ఇవాళ డీఎన్‌ఏ నకళ్ళు తీసే పీసీఆర్‌కు ఆధారమైంది. దాన్ని కూడా ఇప్పుడు ఎక్కువగా ఈ.కొలైలోనే తయారుచేస్తున్నారు. తోళ్ళ పనిలో మాత్రం శుద్ధి చేయని ముతక ఎంజైమ్ కూడా చెల్లుతుంది. 1908లో జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ పశువుల క్లోమం సారంతో తోళ్ళను మెత్తబరచడం మొదలుపెట్టే వరకు టానరీల్లో ఆ పనికి వాడింది కుక్కల, పావురాల రెట్టే.

పని అయిపోయిన ప్లేట్లను ఏం చేయాలి?

121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో, ఆటోక్లేవ్ సంచి నిండుగా ఉంటే అరగంటకు పైగా ఉంచి, తరువాతే బయో వ్యర్థాల బుట్టలో వేయాలి. మిగిలిన మట్టిని కూడా అలాగే చేయండి, కిటికీలోంచి తోటలోకి విసిరేయకండి.